ఎవరూ ఎత్తని ముసుగు

ఎలాడియా కిరోస్‌కు ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను దగ్గర లేని గంటలో నాలుగేళ్ళ నియేవెస్‌కు ఏదైనా జరగడం, ఆ జరిగినదానికి తన నోరో తన చెయ్యో కారణం కావడం. దొంగలంటే భయం లేదు. పోలీసులంటే అసలే లేదు. శవాలు కొత్త కాదు. కానీ పిల్లను ఒకరి గడపలో దింపి వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఆమెకు ఆ భయమే గుర్తొచ్చేది.

ఆ బుధవారం పొద్దున పిల్లను అడిగి మరీ తీసుకెళ్ళింది దోన్యా రెమెదియోస్.

ఎనిమిదీ ఇరవైకి ఆవిడ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ఆఫీసు పెట్టిన ముసలాయన పక్షవాతంతో మంచాన పడ్డాక, అక్కడ ఊడ్చి తుడిచే ఎలాడియాయే కేసులు చూస్తోంది. దోన్యా రెమెదియోస్ కుర్చీలో కూర్చోలేదు. తల మీద నల్ల శాలువా సరిచేసుకుని నిలబడే మాట్లాడింది.

"మా ఆయన్ను కుస్తీ తాలింఖానాలో చంపేశారు. జారిపడ్డాడని రాసుకుంటున్నారు పోలీసులు. ఎవరు చంపారో నువ్వు కనుక్కో తల్లీ. ఇంకొక్క మాట. ముసుగు మాత్రం ఎవర్నీ ఎత్తనివ్వకు."

"ఎవరెత్తుతారమ్మా? ఫరోల్ ముసుగు ఎత్తే మొనగాడు ఈ మెక్సికోలో పుట్టలేదు."

"అయినా సరే. నాకు మాటివ్వు."

ఎలాడియా మాటిచ్చింది. ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయని అప్పుడే గమనించింది. తర్వాత ఆవిడ చూపు బల్ల కింద కూర్చుని గుడ్డబొమ్మకు జడ వేస్తున్న నియేవెస్ మీద పడింది.

"దీన్ని శవం దగ్గరికి మోసుకెళ్తావా ఏమిటి? నాకిచ్చెయ్. నోగాల్ వీధిలో మా ఇంట్లో ఉంటుంది. చాక్లెట్ కాచి పోస్తాను."

రోజూ పిల్లను చూసుకునే పక్కింటామె జ్వరంతో పడుకుంది. వేరే దారి లేదు. భర్త పోయి మూడు గంటలైనా కాని మనిషి పరాయి పిల్లకు చాక్లెట్ కాచి పోస్తాననడం ఎలాడియాకు వింతగానే తోచింది. దుఃఖంలో ఒక్కొక్కరు ఒక్కోలా ఉంటారులే అని సర్దిచెప్పుకుంది. అయినా మెట్ల మీద పిల్ల చెయ్యి వదిలేటప్పుడు ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

తాలింఖానా ముందు ట్రాము దిగేసరికి పదీ అయిదు.

గేటు ముందు మూడు నాలుగు వందల మంది. దోన్యా రెమెదియోస్ భర్త సెలెడోనియో అర్రియాగా అంటే వాళ్ళలో పదిమందికి కూడా తెలియదు. ఫరోల్ అంటే మాత్రం అందరికీ తెలుసు. ఫరోల్ అంటే లాంతరు. కుస్తీ రింగులో పసుపుపచ్చ ముసుగు, నుదుటి మీద ఎర్రటి మంట; దాని కింది మొహం జనం ఎన్నడూ చూడలేదు. ఇరవయ్యేళ్ళ కిందట, టీవీ వచ్చిన కొత్తలో, ఆ ముసుగును చూడ్డానికి జనం ఫర్నిచర్ షాపుల అద్దాల ముందు వానలో నిలబడేవాళ్ళు. ఆ తర్వాత 1954లో, కెమెరాల ముందే, గొర్రియోన్ అనే ఇరవై రెండేళ్ళ కుస్తీగాడు ఫరోల్ విసిరిన విసురుకు రింగులో పడి మళ్ళీ లేవలేదు. ఆ చానెల్ కుస్తీలు మానేసింది. ఆనాటి నుంచి పదిహేడేళ్ళుగా ఫరోల్ ఎక్కడ కనబడ్డా "హంతకుడా" అన్నవాళ్ళు ఉన్నారు, మొహం మీద ఉమ్మేసినవాళ్ళు ఉన్నారు. ఈ రోజు వాళ్ళే గేటు ఊచలు పట్టుకుని ఏడుస్తున్నారు.

"ముసుగు జోలికెళ్తే తాలింఖానా తగలబెడతాం!" అని ఎవరో అరిచారు. అందరూ ఔనన్నారు.

లోపల పోలీసు ఏజెంటు లస్కానో రింగు అంచు మీద కూర్చుని నారింజపండు ఒలుచుకుంటున్నాడు. ఎలాడియాను చూడగానే తొక్క కింద పడేశాడు.

"ఓహో! చీపురు తెచ్చావా, మర్చిపోయావా?"

"మీరు పారేసేవన్నీ ఊడవాలంటే ఒక్క చీపురు సరిపోదు సార్."

కానిస్టేబుళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వి, లస్కానో చూపు పడగానే నోరు మూసుకున్నాడు.

"విను," అన్నాడు లస్కానో. "ఇందులో నీకు పనేమీ లేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చీకటితో లేచి ఒక్కడే కసరత్తు చేస్తున్నాడు. తాళ్ళ మీంచి జారాడు, మెడ వెనక ఇనపమెట్టు తగిలింది, పోయాడు. డాక్టర్ చూశాడు, సంతకం పెట్టాడు. పన్నెండింటికి శవపేటిక ఊరేగింపు. సెన్యోర్ మోన్రోయ్ అంతా ఏర్పాటు చేస్తున్నాడు. టీవీ వాళ్ళు కూడా వస్తున్నారు."

"శవాన్ని గుర్తుపట్టింది ఎవరు?"

లస్కానో ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "గుర్తుపట్టడమేమిటి? ముసుగు ఉంది కదా!"

"ముసుగు తీసి ఎవరూ చూడలేదా?"

"నువ్వు ఈ ఊరిదానివేనా? మా అమ్మ బతికుంటే, ఆ మాటకి నిన్ను చెప్పుతో కొట్టేది. డాక్టర్ కూడా కళ్ళు, మెడ చూసి వదిలేశాడు. ఫరోల్‌ను ముసుగుతోనే పాతిపెడతాం."

ఎలాడియా రింగు వైపు తిరిగింది. తను మాత్రం తీస్తుందా? తీయలేదు. మాటిచ్చింది కూడా.

ఆమె రింగు చుట్టూ ఒకసారి నడిచింది. ఇనపమెట్టు అంచున చిన్న నెత్తుటి మరక. మెడ విరిగేంత దెబ్బ తగిలితే మెట్టు మీద వెంట్రుకో, ముసుగు పోగో అంటుకోవాలి. ఏమీ లేదు. శవం పడి ఉన్నచోట సుద్దతో గీసిన బొమ్మ మెట్టుకు రెండు జానల అవతల ఉంది. ఆమె రింగు పక్కనున్న చిన్న బల్ల దగ్గర ఆగింది. బల్ల మీద ఇత్తడి గంట. గంట పక్కన కొక్కెం. కొక్కేనికి ఏమీ లేదు.

"గంట కొట్టే సుత్తి ఏది?"

"సుత్తి గొడవ ఎందుకిప్పుడు?" అన్నాడు లస్కానో.

"కొయ్యసుత్తి. గుండ్రటి తల. మెడ వెనక దెబ్బ ఎలా ఉందని రాశాడు డాక్టర్?"

లస్కానో ఒక తొన నోట్లో వేసుకుని నమిలాడు. అతని పక్కన రెండు మడతలు పెట్టిన డాక్టర్ కాగితం ఉంది.

"నేను ముందు తాలింఖానా మనిషితో మాట్లాడతాను. తర్వాత ఆ కాగితం చూస్తాను," అంది ఎలాడియా.

"చూడు, చూడు. నాలుగో తరగతి చదివావట కదా. కూడబలుక్కునేసరికి ఊరేగింపు అయిపోతుంది."

దోన్ తాచో బట్టలు మార్చుకునే గది గుమ్మంలో స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. ముప్ఫై ఏళ్ళుగా ఈ తాలింఖానాలో ఒళ్ళు పట్టేది, నూనె రాసేది, ముసుగు వెనక లేసులు బిగించేది ఆయనే. ఆయన వెనక, మాలీషు బల్ల మీద, తెల్ల దుప్పటి కింద శవం ఉంది. దుప్పటి పైన పసుపుపచ్చ ముసుగు మాత్రం కనిపిస్తోంది. గోడకు ఆనించి మనిషెత్తు పూలదండ ఉంది. ఊదారంగు రిబ్బను మీద బంగారు అక్షరాలు: "ఫరోల్‌కు, అశ్రువులతో, ఎవరిస్తో మోన్రోయ్."

"పెద్దాయనా, మీరు పొద్దున ఎన్నింటికి వచ్చారు?"

"ఏడింటికి తల్లీ. రోజూ ఏడే."

"శవాన్ని ఎప్పుడు చూశారు?"

"ఏడూ పదికి. వెంటనే పోలీసులకు ఫోన్ చేశాను."

"దోన్యా రెమెదియోస్‌కు?"

"ఆ తర్వాత."

ఎలాడియా ఆయన ముందు గొంతుక్కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఆవిడ ఇంట్లో ఫోన్ లేదు. నోగాల్ వీధి మొదట్లో రొట్టెల కొట్టుకు ఫోన్ వస్తే వాళ్ళు పిలుస్తారు. మీ ఫోన్ వచ్చినప్పుడు కొట్టులో రెండో వాయి దించుతున్నారట. ఆవిడే చెప్పింది. రెండో వాయి దిగేది ఆరున్నరకు. ఏడూ పదికి శవాన్ని చూసినవాళ్ళు ఆరున్నరకు ఎలా ఫోన్ చేశారు?"

దోన్ తాచో చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఆయన కళ్ళు ఎలాడియా భుజం మీదుగా వెనక్కి వెళ్ళి, చటుక్కున నేలకు దిగాయి.

ఎలాడియా తిరిగి చూసింది. బూడిదరంగు సూటు, చేతిలో టోపీతో ఒక పెద్దమనిషి రింగు పక్కన నిలబడి లస్కానోతో చేయి కలుపుతున్నాడు. ఎవరిస్తో మోన్రోయ్. టీవీ వచ్చిన కొత్తలో కుస్తీల కార్యక్రమం నడిపింది అతనే. ఇప్పుడు రెండు కుస్తీ అరేనాలు అతనివి.

"ఆ రొట్టెలవాళ్ళ గడియారం ముందు నడుస్తుందేమో," అన్నాడు దోన్ తాచో.

"వాయి గడియారం చూసుకుని దిగదు పెద్దాయనా. పిండి పొంగినప్పుడు దిగుతుంది."

"తల్లీ..." ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముసలి వేళ్ళు, కానీ ఇనప పట్టు. "ఇక్కడ వద్దు. సాయంత్రం మా ఇంటికి రా. నీకు దణ్ణం పెడతాను."

పోలీసులకు భయపడుతున్నాడనుకుంది ఎలాడియా. ఆ అంచనా తప్పింది. ఆ రోజు ఆమె చేసిన తప్పుల్లో అది మొదటిది.

ఆమె లేచి శవం దగ్గరికి వెళ్ళింది. మోన్రోయ్, లస్కానో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. టైమ్ పదీ ముప్పై అయిదు.

"ఈమేనా?" అన్నాడు మోన్రోయ్ మెత్తగా. "దోన్యా రెమెదియోస్ పెట్టుకున్న డిటెక్టివ్?"

"డిటెక్టివ్ అంటే పెద్ద మాట సార్," అన్నాడు లస్కానో. "వాళ్ళ ముసలాయన బూట్లు తుడిచి తుడిచి ఈ విద్య అబ్బింది." డాక్టర్ కాగితం ఆమె మీదికి విసిరాడు. "ఇదిగో. చదివి మాకూ అర్థం చెప్పు."

ఎలాడియా కాగితం తీసుకుంది. చదవడం ఆమెకు ఎప్పుడూ నెమ్మదే. ఒక్కో మాట కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివింది. గుమ్మంలో లస్కానో ఆమె పెదాలు కదిపినట్టే తనవీ కదిపి చూపించాడు. మోన్రోయ్ మర్యాదగా నవ్వాడు. ఆమె చెవులు వేడెక్కాయి. అయినా వేలు ఆపలేదు.

చావు: అయిదూ ముప్పావుకూ ఆరుంబావుకూ మధ్య. కారణం: మెడ వెనక గుండ్రటి దెబ్బ. పాత గాయాలు: ఎడమ భుజం ఎముక రెండుసార్లు స్థానం తప్పింది. ఎడమ మోచేయి విరిగి అతికింది. ఎడమ మోకాలు కీలు అరిగింది.

ఆమె వేలు అక్కడ ఆగిపోయింది.

ఎడమ. ఎడమ. ఎడమ.

దుప్పటి అంచు పక్కకు జరిపి, శవం కుడి భుజం మీద చెయ్యి వేసింది. నున్నగా ఉంది, ఆఫీసులో కూర్చునే గుమాస్తా భుజంలా. ఎడమ భుజం తడిమింది. కోడిగుడ్డంత బొడిపె చేతికి తగిలింది.

ఆమె భర్త నబోర్ చిన్న కుస్తీగాడు. మొదటి పోటీల్లో, కుర్చీలు ఇంకా నిండకముందే ఆడేవాడు. అతను పోయి రెండేళ్ళు. అంతకుముందు నాలుగేళ్ళు ప్రతి ఆదివారం మంచం అంచున కూర్చోబెట్టి అతని భుజానికి తైలం రాసేది. ఏ భుజం? కుడి భుజం. ఎప్పుడూ కుడి భుజమే. ఎదుటివాడి చెయ్యి మెలిపెట్టాలంటే కుడి చెయ్యి, కాలు పట్టాలంటే కుడి కాలు. ఇక్కడ ఏ తాలింఖానాలోనైనా మొదటిరోజు నేర్పేది అదే. ఉత్తరాన సరిహద్దు దాటితే అంతా ఎడమ. నబోర్ ఒకసారి అక్కడ ఆడొచ్చి, "వాళ్ళవన్నీ అద్దంలో పట్టుల్లా ఉంటాయి, ఎడమ చెయ్యే పడతారు, ఊడొచ్చింది నాకు" అని వారం రోజులు గొణిగాడు.

ఫరోల్ జీవితంలో ఒక్కసారి కూడా సరిహద్దు దాటలేదు. ఆ మాట అతనే పత్రికల్లో గొప్పగా చెప్పుకునేవాడు.

"ఏమిటి, కొత్త మాట తగిలిందా?" అన్నాడు లస్కానో. "అక్షరాలు ఒక్కొక్కటీ చెప్పమంటావా? నీ కూతుర్నన్నా బడికి పంపించు. లేకపోతే అది కూడా నీలాగే వేలుతో చదువుతుంది."

కూతురి మాట రాకపోతే ఎలాడియా నోరు మూసుకునేదేమో. సాయంత్రం దోన్ తాచో ఇంటికి వెళ్ళి, నిదానంగా అడిగి తెలుసుకునేదేమో. ఆమె వెనక ముసలాయన "తల్లీ" అని సన్నగా అన్నాడు కూడా. ఆమెకు వినబడలేదు.

"నేను వేలుతో చదివాను కాబట్టే ఆగి చదివాను సార్. మీరు చూపుతో దాటేశారు. ఈ మనిషి ఒళ్ళంతా ఎడమవైపే చితికిపోయింది. కుడివైపు గీత లేదు. ముప్ఫై ఏళ్ళు మన రింగుల్లో ఆడినవాడికి ఇలా ఉండదు. కావాలంటే బయట గేటు దగ్గర ఏ ముసలి వస్తాదునైనా పిలిచి చొక్కా విప్పమనండి. ఇతను ఉత్తరాన ఆడి వచ్చినవాడు. ఇతను సెలెడోనియో అర్రియాగా కాడు."

లస్కానో చేతిలో తొన అలాగే ఉండిపోయింది.

"ముసుగు ఎత్తనక్కర్లేదు," అంది ఎలాడియా. ఆమె గొంతులో గెలుపు. ఆ గొంతు తర్వాత చాలా రోజులు ఆమెకే వినబడింది. "మీరు ఎవర్నో పాతిపెట్టబోతున్నారు. ఫరోల్ బతికే ఉన్నాడు."



ముందు మాట్లాడింది మోన్రోయ్. "అదే నిజమైతే," అన్నాడు, టోపీ అంచు తిప్పుతూ, "ఇంతకన్నా సంతోషం ఏముంది! మరి ఎక్కడున్నాడంటావమ్మా?"

"అది నాకింకా తెలీదు."

"తెలియదా? ఇంట్లో భార్యకైనా తెలుస్తుందిలే." మోన్రోయ్ గోడ గడియారం వైపు చూశాడు. "ఊరేగింపు ఆపించాలి కదా. టీవీవాళ్ళకు నేనే చెప్పొస్తాను."

అతను వెళ్ళిపోయాడు. ముందు నింపాదిగానే నడిచాడు. రింగు దాటాక బూట్ల చప్పుడు వేగం పెరిగింది. వెనక గేటు దగ్గర అతని బూడిదరంగు కారు మొరాయించి, ఆ తర్వాత అందుకుంది. టైమ్ పదీ యాభై రెండు.

"ఎంత పని చేశావు తల్లీ!" అన్నాడు దోన్ తాచో. స్టూలు మీంచి లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఎంత పని చేశావు!"

"పెద్దాయనా?"

"ఇతను కాసిమిరో. పాతికేళ్ళు ఉత్తరాన ఆడి వచ్చాడు. సెలెడోనియోకు ఒంట్లో బాగోలేనప్పుడల్లా ముసుగు వేసుకుని ఇతనే జనానికి కనిపిస్తాడు. సోమవారం నుంచి సెలెడోనియోకు ఊపిరితిత్తుల్లో నీరు. ఆదివారం టీవీకి రమ్మని పిలిచారు, కుస్తీ కార్యక్రమం మొదలై ఇరవయ్యేళ్ళ పండగని. అందాకా ఫరోల్ గట్టిగా ఉన్నాడని జనం అనుకోవాలి. అందుకని చీకటితో కసరత్తుకు ఇతన్ని పంపించాం. నేను ఆరూ ఇరవైకి వచ్చేసరికి పడి ఉన్నాడు. పంపించింది మేమే కదా, నాకు తెలుసు ఎవరో. ముందు రెమెదియోస్‌కు ఫోన్ చేశాను. 'చచ్చింది కాసిమిరో. చంపినవాడు నీ మొగుణ్ణి చంపాననుకుంటున్నాడు. అలాగే అనుకోనియ్. ఆదివారం దాకా బయటికి రానియ్యకు' అన్నాను."

"ఆదివారం ఏముంది?"

"సెలెడోనియో టీవీలో ముసుగు తనే తీసేస్తానన్నాడు. తీసేసి, 1954 సంగతి చెప్పేస్తానన్నాడు. ఆ కుర్రాడు గొర్రియోన్ ఆ రోజు ముందు పోటీలోనే తల కొట్టుకుని, కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. డాక్టర్ రింగెక్కొద్దన్నాడు. 'కెమెరాలు వెలిగాయి, తొయ్యండి లోపలికి' అన్నది మోన్రోయ్. నేను విన్నాను. సెలెడోనియో విన్నాడు. పదిహేడేళ్ళు హంతకుడు అనిపించుకుంటూ బతికాడమ్మా ఆ మనిషి. పోయే ముందు ఒక్కసారి కడుక్కోవాలనుకున్నాడు. ఆ సంగతి మోన్రోయ్ చెవిన పడింది."

లస్కానో ముందుకొచ్చాడు. అతని మొహంలో వెటకారం ఎప్పుడో పోయింది. "ముసలాయనా, నోటికొచ్చినట్టు మాట్లాడకు. మోన్రోయ్ చంపాడని సాక్ష్యమేదీ?"

"నిన్న మధ్యాహ్నం నన్ను అడిగాడు, ఫరోల్ పొద్దున ఎన్నింటికి వస్తాడని. మామూలుగా అడిగాడనుకున్నాను."

"అడిగితే అడుగుతాడు!"

"ఆ పూలదండ ఎప్పుడొచ్చింది?" అంది ఎలాడియా.

"ఎనిమిదింటికి," అన్నాడు దోన్ తాచో. "నేనే సంతకం పెట్టి తీసుకున్నాను." జేబులోంచి నలిగిన రసీదు తీశాడు.

ఎలాడియా దాన్ని వెలుతురుకు పట్టుకుంది. వేలు పెట్టి చదివింది. ఈసారి ఎవరూ వెక్కిరించలేదు. ఆర్డర్ ఇచ్చినది: మంగళవారం, సాయంత్రం నాలుగు గంటలకు. రిబ్బను మీద రాయవలసిన మాటలు: ఫరోల్‌కు, అశ్రువులతో.

"మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఫరోల్ బతికే ఉన్నాడు సార్. బుధవారం చస్తాడని ఈయనకెలా తెలుసు?"

లస్కానో రసీదు లాక్కున్నాడు. రెండుసార్లు చదివాడు. అతని పెదాలు కదిలాయి.

"చంపినవాడు కూడా ముసుగు ఎత్తి చూడలేదు," అన్నాడు నెమ్మదిగా. "వాడూ ఈ ఊరివాడే కదా."

"దోన్ తాచో, సెలెడోనియో ఎక్కడున్నాడు?"

"ఇంకెక్కడ ఉంటాడమ్మా? ఇంట్లోనే. మేడ మీద బట్టలారేసే గదిలో మంచం వేశాం. నోగాల్ వీధిలో."

నోగాల్ వీధి. ఆకుపచ్చ తలుపు. స్టవ్ మీద చాక్లెట్. 'ఇంట్లో భార్యకైనా తెలుస్తుందిలే.'

"మోన్రోయ్‌కు ఆ ఇల్లు తెలుసా?"

"ఇరవయ్యేళ్ళుగా తెలుసు."

"కారులో ఎంతసేపు?"

"పన్నెండు నిమిషాలు," అన్నాడు లస్కానో. అప్పటికే అతను పరుగు తీస్తున్నాడు. "జీపు తియ్యండ్రా! జీపు!"

టైమ్ పదీ యాభై ఎనిమిది. ఆమె లెక్క వేసుకుంది. ఆరు నిమిషాలు పోయాయి. ఆరు మిగిలాయి. ట్రాములో అయితే ముప్పావుగంట.

ఆమె కూడా లస్కానో వెనకే పరుగెత్తింది. జీపు ముందు గేటులోనే నిలిపి ఉంది; ఆ గేటు సగం తెరుచుకుని ఆగిపోయింది. జీపు ముందు జనం గోడ కట్టారు. లోపల పోలీసులు అరుచుకుంటున్నారని, ముసుగు తీసేశారని ఎవరో పుట్టించారు. ఒక ముసలామె బానెట్ మీద రెండు చేతులూ వేసి పడుకుంది. "ముందు ముసుగు చూపించు! మా ఫరోల్ ముసుగు చూపించాకే కదులు!" లస్కానో తుపాకీ గాల్లోకి ఎత్తి అరుస్తున్నాడు. ఎవరూ అంగుళం జరగలేదు.

"అతను బతికే ఉన్నాడు, దారివ్వండి!" అని అరిచింది ఎలాడియా. ఆ మాట విన్నవాళ్ళు ఇంకా దగ్గరికి తోసుకొచ్చారు.

ఆమె వెనక్కి పరుగెత్తింది. గంట బల్ల పక్కన గోడకు ఫోన్ ఉంది. దోన్ తాచో రొట్టెల కొట్టు నెంబరు ఒక్కో అంకె చెబుతుంటే తిప్పింది. ఒకసారి వేలు జారింది. మళ్ళీ మొదటినుంచి తిప్పింది. టైమ్ పదకొండు.

అవతల మోగుతోంది, ఆమె మోతలు లెక్కపెట్టింది. నాలుగు. అయిదు. ఈ వేళ కొట్టువాళ్ళు లోపల పొయ్యి దగ్గర ఉంటారు. తొమ్మిది. పది. నా నోరే, అనుకుంది ఎలాడియా. నా నోరే.

పదమూడో మోతకు ఎవరో ఎత్తారు.

"హలో? నోగాల్ వీధి మొదట్లో రొట్టెల కొట్టేనా?"

"కొట్టువాళ్ళు లేరండీ," అంది ఒక కొత్త గొంతు. మగో ఆడో కూడా తెలియలేదు, లైను గరగరలాడుతోంది. "నేను రొట్టెల కోసం వచ్చాను. మోగుతూనే ఉందని ఎత్తాను. తర్వాత చెయ్యండి."

"పెట్టెయ్యకండి! మీ కాళ్ళు పట్టుకుంటాను, పెట్టెయ్యకండి. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలీదు. ఆ వీధిలోనే, ఎడమవైపు, పద్నాలుగో నెంబరు, ఆకుపచ్చ తలుపు. ముందు బూడిదరంగు కారు ఆగి ఉంటే లోపలికి ఒంటరిగా వెళ్ళకండి, నలుగుర్ని పిలవండి, గట్టిగా కేకలెయ్యండి. కారు లేకపోతే తలుపు కొట్టండి, మేడ మీద ఉన్నాయన్ను తీసుకుని వెనక సందులోంచి వెళ్ళిపొమ్మనండి. లోపల నాలుగేళ్ళ పాప ఉంటుంది. ఎర్ర స్వెట్టరు. నియేవెస్ అని పిలిస్తే పలుకుతుంది. రొట్టెలు తర్వాత తీసుకోవచ్చు. మీకూ పిల్లలుండే ఉంటారు. ఒక్కసారి, ఇప్పుడే వెళ్ళి, నా బిడ్డ ఎలా ఉందో చూడండి."